నీరు ఏ సందులోంచి వస్తుంది?



మాది తిరువూరు ప్రాంతంలోని వినగడప. తెరచాప పడవలోకి నీరు చేరకుండా ఎలా చూసుకోవాలన్నది ఈ పూట నా ప్రసంగం. ఈ మాట చెప్పగానే మా ఊరి రచ్చబండ దగ్గర నవ్వులే నవ్వులు. నవ్వరా మరి! వినగడపకు సముద్రం నూరు కిలోమీటర్లకు పైమాట. మాకున్నదల్లా కట్టలేరు అనే వాగు. ఎండాకాలం అందులో ఇసుకే ఎక్కువ. వానలు ముదిరితే దారి తెగి, అవతలి గట్టు మనుషులు అవతలే ఉండిపోతారు. తెరచాప ఎత్తుకుని తాపీగా తిరిగేటన్ని నీళ్లు మా వాగులో ఏనాడూ నిలబడవు.

అయితే నేను కడుపు చేతపట్టుకుని చిన్నతనంలోనే తీరానికి పోయినవాణ్ణి. విశాఖలో, కాకినాడలో పడవల మరమ్మతు చేస్తూనే జుట్టు నెరిసింది. పడవ కింద వెల్లకిలా పడుకుని పనిచేసేవాడికి సముద్రం అందం పెద్దగా కనపడదు కానీ, అది ఏ సందులోంచి లోపలికి దూరుతుందో మాత్రం బాగా తెలిసొస్తుంది. మన పల్లెల పిల్లలు ఇప్పుడు నేవీలోకి, సరుకు ఓడల మీదికి, గోవాలోనూ విదేశాల్లోనూ విహార పడవల మీదికి పనికి పోతున్నారు. వాళ్లలో ఒక్కరు విన్నా నాకు చాలు.

నీళ్లు నిండిన పడవ ఎంత మొండిదో మన ఎన్టీఆర్ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకుని కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. వాటిని అక్కణ్ణించి కదిలించడానికి ఎంత యాతన పడ్డారో టీవీల్లో అందరం చూశాం. క్రేన్లతో ఎత్తబోయారు, నీటి అడుగున కోయడానికి మనుషుల్ని దింపారు. రోజులు గడిచాయి. ఒక ఘనమీటరు నీరు టన్ను తూగుతుంది. పడవ కడుపులో చేరిన నీరు ఉత్త బరువుగా కూడా ఊరుకోదు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తుతుంది, ఒరిగినదాన్ని ఇంకా ఒరగదోస్తుంది. మునగడానికి చాలినంత నీరు చేరకముందే పడవ బోల్తా పడేది ఇందువల్లే.

మన తీరంలో ఈ నీటితో మనవాళ్లు రకరకాలుగా వేగారు. అన్నిటికంటే తెలివైనది తెప్ప. ఉప్పాడ నుంచి శ్రీకాకుళం దాకా బెస్తవాళ్లు దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టుకునేవారు. అల పైనుంచి పడుతుంది, సందుల్లోంచి దిగిపోతుంది. లోపల అనేదే లేనప్పుడు లోపలికి నీరొచ్చిందన్న బెంగ ఎక్కడిది? ఇప్పుడొస్తున్న ఫైబర్ తెప్పల్లోనూ నడిచేది ఆ పాత బుద్ధే. పైనా కిందా ఫైబర్, మధ్యలో థర్మాకోల్. పైపెంకుకు చిల్లి పడ్డా నీరు చేరడానికి చోటుండదు.

రెండోది కుట్టుపడవ. విశాఖ రేవు 1933లో తెరిచేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. ఇటు బందరు, అటు మద్రాసు తీరాల్లోనూ అంతే. పలకలకు మేకు ఉండదు. అంచుల వెంట బెజ్జాలు వేసి, సందు మీద పీచు పరిచి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. కరకట్టలాంటి అలల్లోంచి వచ్చి ఇసుక మీద ధబీమని పడే పడవ అది. మేకులతో బిగిస్తే ఆ దెబ్బకు పలక చీలుతుంది. కుట్టు అయితే వంగి ఊరుకుంటుంది. కుట్టన్నాక కారకుండా ఉంటుందా? కారుతుంది. అది కట్టినవాడికీ తెలుసు, ఎక్కినవాడికీ తెలుసు. అందుకే నీళ్లు తోడటం కూడా పడవ నడపడంలో భాగమైపోయింది.

ఇక మూడోది గోదావరి మడచెట్ల మధ్య పుట్టిన విద్య. కోరంగి, తాళ్లరేవుల్లో కట్టిన తెరచాప ఓడలు బంగాళాఖాతం దాటి బర్మా దాకా తిరిగాయి. పలకకూ పలకకూ మధ్య సందులో దూదిని పేనినట్టు చేసి ఉలితో కూరడం, పైన గుగ్గిలమూ నూనే కాచిన ముద్ద పట్టించడం అక్కడి పనివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కూరేటప్పుడు సుత్తి చప్పుడు విని చెప్పేసేవారు. గుల్లగా మోగితే ఇంకా పట్టాలి, గట్టిగా మోగితే చాలు. మరీ బిగించి కొడితే నీట్లో చెక్క ఉబ్బినప్పుడు పలకే విడిపోతుంది. ఆ లెక్క చెవికి తెలియాల్సిందే తప్ప పుస్తకంలో దొరకదు.

చెక్క ఓడకు ఇంకో శత్రువు ఉప్పునీటి పురుగు. బయట సూది మొన అంత బెజ్జం కనిపిస్తుంది, లోపల పలకంతా తేనెపట్టు అయి ఉంటుంది. అడుగున రాగి రేకులు తాపడం చేయించింది దీని బాధ పడలేకే. అసలు అడుగుభాగం చూడాలంటే ఓడను నీళ్లలోంచి బయటికి తేవాలి కదా. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో బోలెడు ఖర్చు పెట్టి ఓడల మరమ్మతు డాక్ కట్టించాడు. ఆ కోరంగిని 1839 నవంబరు ఉప్పెన ఊడ్చేసింది. ఆ కథ వేరే.

ఇప్పటి సముద్రపు తెరచాప పడవ ఈ మూడింటికీ వారసురాలే కానీ, దాని అవస్థలు వేరు. ఫైబర్‌తో ఏకఖండంగా పోతపోస్తారు కాబట్టి పలకల సందులు లేవు. ఇక కారడానికి ఏముంది అనుకుంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం.

తారిణి పేరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన నౌకాదళం వారి 56 అడుగుల తెరచాప పడవ. గోవాలో అక్వేరియస్ షిప్‌యార్డులో కట్టారు, 2017 ఫిబ్రవరిలో దళంలో చేరింది. ఆ ఏడు సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దాని మీద భూమి చుట్టి రావడానికి బయలుదేరి, 2018 మే 21న గోవాకు తిరిగొచ్చారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లే. విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. మొత్తం 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40 వేల కిలోమీటర్లు. కేప్ హార్న్ చుట్టూ తిరిగారు, పసిఫిక్‌లో పెద్ద తుపాను గాలులను తట్టుకున్నారు. చివరి మజిలీలో స్టీరింగ్ మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. వాళ్ల తెగువ గురించి పత్రికలు బాగానే రాశాయి. నా బోటివాడికి తోచేది ఇంకొకటి. అన్ని నెలలూ గస్తీలు మార్చుకుంటూ, ఎవరో ఒకరు ఆ పడవ అడుగు పలక ఎత్తి టార్చిలైటు వేసి చూస్తూనే ఉండి ఉంటారు. చూడకుండా అంత సముద్రం దాటలేరు. ఫొటో తీయదగ్గ పని కాదు కాబట్టి దాని గురించి ఎవరూ రాయరు.

నీరు అసలు రాని పడవ నా అనుభవంలో లేదు. ఎటు నుంచి, ఎంత వస్తోందో యజమానికి తెలిసిన పడవలున్నాయి, తెలియనివి ఉన్నాయి. మునిగేవి ఎక్కువగా ఆ రెండో రకమే.

తెరచాప పడవ అడుగున మనమే చేత్తో వేసిన బెజ్జాలు ఎన్ని ఉంటాయో తెలుసా? ఇంజనును చల్లబరచే నీరు లాక్కోవడానికి ఒకటి. మరుగుదొడ్డికి నీరు తీసుకునేది ఒకటి, వదిలేది ఒకటి. వంటింటి సింకుది ఒకటి. వేగం కొలిచే యంత్రానిది ఒకటి. ప్రొపెల్లరు ఇరుసు బయటికి పోయేది ఒకటి, చుక్కాని ఇరుసుది ఇంకొకటి. తుపాను, తిమింగలం, కొండరాయి అంటూ భయపడతాం కానీ, చాలా పడవల్ని ముంచేది ఈ బెజ్జాలకు తగిలించిన పది రూపాయల సరుకే.

నీళ్లు పోయే ప్రతి బెజ్జానికీ లోపలివైపు ఒక కుళాయి బిగిస్తారు. సీకాక్ అంటారు. దాని పిడిని పావు చుట్టు తిప్పితే సముద్రం ఆగిపోవాలి. నేను చూసిన పడవల్లో సగం పిడులు తిరగవు. కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఉప్పు పట్టేసి, గవ్వలు పెరిగి, రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. ప్రమాదం వచ్చిన రాత్రి మోకాలి లోతు నీళ్లలో వంగి దాన్ని తిప్పబోతే పిడి ఊడి చేతికొస్తుంది. నెలకోసారైనా మూసి తెరుస్తూ ఉండాలి. ఇంతకంటే చవకైన మరమ్మతు పడవలో ఇంకోటి లేదు.

ఆ కుళాయి దేంతో చేశారన్నది ఇంకా ముఖ్యం. మన ఇళ్లలో ఇత్తడి, కంచు పక్కపక్కనే ఉంటాయి, రెండూ పచ్చగానే మెరుస్తాయి. ఇత్తడిలో రాగికి జింకు కలుస్తుంది, కంచులో తగరం కలుస్తుంది. మంచినీటికి ఇత్తడి కుళాయి బ్రహ్మాండం. ఉప్పునీటిలో పెడితే సముద్రం అందులోని జింకును మెల్లగా తినేస్తుంది. మిగిలేది గుల్లబారిన రాగి. ఆకారం చెక్కుచెదరదు, చూడ్డానికి కుళాయి కుళాయిలాగే ఉంటుంది. ఓసారి ఒకాయన పడవలో అలాంటి కుళాయిని చాకుమొనతో గీకి చూశాను. పైన మైల పోయాక లోపల పసుపుపచ్చ కనపడాలి. కనపడింది గులాబి రంగు. పక్కనే ఇంకో గీత గీస్తే బిస్కట్టులా పొడి రాలింది. అప్పటికి ఆ పడవ నీళ్లలోనే ఉంది, మేము అందులోనే కూర్చుని టీ తాగుతున్నాం. ఆ టీ నేను పూర్తి చేయలేదు. ఒడ్డుకు చేర్చి విప్పితే మర రెండు ముక్కలైంది. గులాబి రంగు కనిపిస్తే ఇక బేరం లేదు, మార్చి పారేయాల్సిందే. కంచుదో, సముద్రానికని ప్రత్యేకంగా చేసిన గట్టి ప్లాస్టిక్కుదో వేసుకోవాలి.

కుళాయికి రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు బిగిస్తారు. మన బోరు మోటారు గొట్టానికి బిగించే క్లిప్పే అది. ఒకటి కాదు, రెండు బిగించాలి. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కదా అని పై మెరుపు చూసి మోసపోవద్దు. పట్టీ స్టెయిన్‌లెస్ అయి ఉంటుంది, లోపల మర మామూలు ఇనుముది అయి ఉంటుంది. వేలితో తడిమితే కిందివైపు తుప్పు పొడి అంటుకుంటుంది. చూపు కంటే వేలు నమ్మకం. ప్రతి కుళాయి పక్కనా దాని బెజ్జానికి సరిపోయే మెత్తటి చెక్క బిరడా ఒకటి, మొన సన్నగా చెక్కి, తాడుతో కట్టి ఉంచాలి. కుళాయే ఊడిపోతే ఆ బిరడాను దిగ్గొడితే, తడికి చెక్క ఉబ్బి తనే బిగుసుకుంటుంది. దాన్ని అలమరలో దాచుకుని లాభం లేదు. చీకట్లో వెతికే తీరిక ఎవరికుంటుంది?

ప్రొపెల్లరు ఇరుసు సంగతి మన రైతులకు చెప్పకుండానే తెలుస్తుంది. సెంట్రిఫ్యూగల్ పంపుకు గ్లాండు డోరీ వేస్తాం కదా, పడవ ఇరుసు చుట్టూ వేసేదీ అదే. గ్రీజు పట్టించిన తాడును చుట్లు చుట్లుగా పేర్చి పైన నట్టు బిగిస్తారు. ఇంజను నడుస్తుంటే అక్కడ చుక్క చుక్కగా కారాలి. ఆ చుక్కే ఇరుసును చల్లబరుస్తుంది. కొత్తగా పడవ కొన్నవాడు ఆ చుక్క చూసి కంగారుపడి నట్టు కసితీరా బిగిస్తాడు. డోరీ మాడి, ఇరుసు గాడి పడి, మర్నాటి నుంచి ధారగా కారుతుంది. ఇంజను ఆపాక కూడా ఆగకుండా కారితేనే బిగించాలి. అదీ కొంచెం కొంచెంగా.

ఇప్పుడు కాస్త లెక్క. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళాల బెజ్జం పడిందనుకోండి. నిమిషానికి సుమారు 140 లీటర్లు వచ్చి పడతాయి. ఇళ్ల మీద పెట్టుకునే 500 లీటర్ల ట్యాంకు నాలుగు నిమిషాల్లోపు నిండిపోతుంది. బకెట్టు 15 లీటర్లదైతే నిమిషానికి తొమ్మిది బకెట్లు పైన తోడి, పైకెత్తి, బయట పోయాలి, అదీ ఊగే పడవలో నిలబడి. బెజ్జం వెడల్పు రెట్టింపైతే నీరు నాలుగింతలు. లోతు నాలుగింతలైతే మాత్రం ఉరవడి రెండింతలే. అంటే బెజ్జం ఎంత లోతున ఉందన్న దానికంటే ఎంత పెద్దదన్నదే ప్రాణం తీస్తుంది.

మరి మోటారు పంపు లేదా? ఉంటుంది. డబ్బా మీద గంటకు 2000 గ్యాలన్లు అని రాసి ఉంటుంది. అమెరికా గ్యాలను లెక్కన అది నిమిషానికి 126 లీటర్లు. మన బెజ్జానికి అదే చాలడం లేదు. పైగా ఆ అంకె పంపును తొట్టెలో పెట్టి, గొట్టమూ ఎత్తూ లేకుండా కొలిచింది. నాలుగడుగుల ఎత్తుకు, వంకర్లు తిరిగిన గొట్టంలో, బ్యాటరీ వాడిపోతున్న వేళ, సగం తోడినా గొప్పే. చేతి పంపు ఒకటి డెక్కు మీద నుంచి కొట్టేలా, ఇంకొకటి లోపలి నుంచి కొట్టేలా ఉండాలనేది అందుకే. అయినా ఇవన్నీ మనకు కొంత వ్యవధి ఇచ్చేవే. ఆ వ్యవధిలో బెజ్జం వెతికి మూయాలి. నీళ్లు కనపడగానే అందరూ తోడటానికి ఎగబడతారు. అది సహజం. కానీ ఒకరు తోడుతుంటే ఇంకొకరు వెతకాలి. బెజ్జం నీటి కింద పడిపోయాక అది ఎక్కడుందో కనిపెట్టడం మహా కష్టం.

పడవ అడుగున, నడిచే పలకల కింద, నీరు చేరే పల్లాన్ని బిల్జ్ అంటాం. దాన్ని కడిగి తుడిచి ఉంచినవాడే మంచి నావికుడు. అగ్గిపుల్లలు, వెంట్రుకలు, బియ్యం గింజలు పంపు జల్లెడకు అడ్డుపడటం ఒక కారణం. ఇంకో కారణం ఉంది. పొడిగా ఉన్న బిల్జ్‌లో ఇవాళ గుక్కెడు నీరు కనిపిస్తే అది కొత్త సంగతి అని వెంటనే తెలుస్తుంది. ఎప్పుడూ నాలుగంగుళాలు నిలవ ఉండే బిల్జ్‌లో కొత్త నీరేదో పాత నీరేదో ఎవడు చెప్పగలడు? ఆ గుక్కెడు నీళ్లలో వేలు ముంచి నాలిక్కి అద్దుకుంటాం. ఉప్పగా ఉంటే సముద్రం. చప్పగా ఉంటే పైనుంచి వాన, లేదా మన తాగునీటి ట్యాంకే కారుతోంది. నూనె జిడ్డు తగిలితే ఇంజను వైపు చూడాలి. ఏ పరికరం లేని రోగనిర్ధారణ ఇది. నాలిక ఒప్పుకోకపోతే చేసేదేమీ లేదు, పని మార్చుకోవాలి!

పెద్దపెద్దవాళ్లు కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. సైఫన్. మరుగుదొడ్డి గొట్టమో, బిల్జ్ పంపు గొట్టమో పడవ పక్కగోడలోంచి బయటికి పోతుంది. పడవ నిలకడగా ఉన్నప్పుడు ఆ మూతి నీటికి పైనే ఉంటుంది. తెరచాప గాలి పట్టి పడవ ఒక పక్కకు వాలిందా, మూతి నీట మునుగుతుంది. అప్పటిదాకా నీరు బయటికి పంపిన గొట్టమే నిండుగా ఉండి, పంపు ఆగగానే సముద్రాన్ని వెనక్కి లోపలికి లాగడం మొదలెడుతుంది. ఎక్కడా చిల్లి ఉండదు, ఏదీ పగలదు, పడవ నిండిపోతూ ఉంటుంది. మందు చాలా చిన్నది. గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకెత్తి మెడ తిప్పి దించాలి, ఆ మెడ నెత్తిన గాలి పీల్చే చిన్న బుడిపె పెట్టాలి. లోపలికి గాలి చొరబడితే సైఫన్ తెగిపోతుంది. ఆ బుడిపె మూతికి ఉప్పు పేరుకుంటే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ విప్పి మంచినీటితో కడగాలి.

పైనుంచి వచ్చే నీటి గురించి ఎక్కువ చెప్పను. కిటికీ అంచులు, తెరచాప కొయ్య మొదలు, డెక్కు మీద బిగించిన బోల్టులు. వీటి నుంచి కారేది పడవను ముంచదు. పరుపులు తడుపుతుంది, డెక్కు లోపలి చెక్కను ఏళ్ల తరబడి కుళ్లబెడుతుంది. విసుగు తప్ప ప్రాణభయం లేదు.

నేర్చుకునే పిల్లలుంటే హుస్సేన్‌సాగర్‌కు తీసుకెళ్లి చూపించండి. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లోనూ, సైన్యంవారి క్లబ్బుల్లోనూ చిన్న పిల్లలు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలు నడుపుతారు. ఎనిమిదడుగులు కూడా ఉండదు, ఒక్కరే కూర్చోవాలి, పదిహేనేళ్లు దాటితే పోటీకి పనికిరారు. అందులో గాలి నింపిన సంచులు మూడు కట్టి ఉంటాయి. పడవ బోర్లా పడి అంచుల దాకా నిండినా మునగదు. పిల్లవాడు దాన్ని తిప్పి ఎక్కి, తాడుతో కట్టి ఉంచిన డొక్కుతో నీళ్లు తోడేసుకుని మళ్లీ పోటీలోకి పోతాడు. తెప్పలో చూసిన బుద్ధే ఇక్కడా ఉంది, నీరు చేరే చోటును ముందే గాలితో నింపేయడం. పెద్ద పడవల్లో ఇది అంత తేలిక కాదు. మనుషులు పడుకోవాలి, వండుకోవాలి, నెలల తిండి పెట్టుకోవాలి. అందుకని ముందూ వెనకా గట్టి అడ్డుగోడలు కట్టి, ఒక అరలో చేరిన నీరు ఇంకో అరలోకి పోకుండా ఆపుతారు. ఆ గోడకు తర్వాత ఎవడో కరెంటు తీగ కోసం బెజ్జం వేసి దాన్ని మూయడం మరిచిపోతాడు. అడ్డుగోడలు కట్టించినవాళ్లు ఏడాదికోసారైనా ఇలాంటి బెజ్జాల కోసం వెతకాలి.

బెజ్జం చేతికందనప్పుడు బయటి నుంచి మూయడం ఒక పాత ఉపాయం. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ ఆస్ట్రేలియా పగడపు దిబ్బ మీదికి రాత్రివేళ ఎక్కేసింది. ఫిరంగులతో సహా బోలెడు బరువు సముద్రంలో పారేసి, పోటు మీద ఎలాగో దింపుకున్నారు. పంపులు కొడుతూనే ఉన్నారు. అప్పుడు మంక్‌హౌస్ అనే కుర్ర నావికుడు, ఇదివరకు ఓ సరుకు ఓడ మీద చూశానని ఒక పని చెప్పాడు. పాత తెరచాప మీద జనపనార పీచు, ఉన్ని ముక్కలు, పశువుల పేడ కలిపి పట్టించి, తాళ్లతో ఓడ కిందుగా లాగారు. లోపలికి పోయే నీరే ఆ గుడ్డను చిల్లి మీదికి పీల్చి అతికించింది. తర్వాత ఒడ్డుకు చేర్చి చూస్తే, ఓడను చీల్చిన పగడపు రాయి ముక్క ఒకటి విరిగి ఆ చిల్లిలోనే ఇరుక్కుని ఉంది. సగం చిల్లిని అదే మూసిందన్నమాట. ఇవాళ ఈ పనికి మూలలకు తాళ్లు కట్టిన పట్టా ఒకటి పడవలో ఉంచుకుంటారు. చిల్లి ఉన్న పక్క గాలివైపు ఉండేలా దిశ మార్చుకుంటే, పడవ అవతలి పక్కకు ఒరిగి చిల్లి ఉన్న పక్క నీటి పైకి లేస్తుంది. నీరు చాలా వరకు అక్కడే ఆగుతుంది. తెరచాప పడవకు దేవుడిచ్చిన వరం ఇది, మోటారు బోటుకు లేదు.

ఎంత చేసినా కొన్నిసార్లు వ్యవధి ఉండదు. 2022 నవంబరు 18న, ఒంటరిగా భూమి చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో, ఫిన్లాండుకు చెందిన టాపియో లెహ్తినెన్ పెద్ద చప్పుడుకి నిద్రలేచాడు. ఆస్టీరియా అతని పడవ పేరు. వెనక వైపు నుంచి నీరు లోపలికి తన్నుకొస్తోంది. అయిదు నిమిషాల్లో పడవ మునిగింది. రక్షణ సూటు, తేలే తెప్ప, ప్రమాద సంకేతం పంపే బీకన్ అందుబాటులోనే ఉన్నాయి కాబట్టి బతికాడు. అదే పోటీలో ఉన్న దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ తన పడవను మళ్లించి మర్నాడు అతన్ని అందుకుంది. తర్వాత ఆ పోటీ గెలిచిందీ ఆమే. రెండో స్థానం మన మాజీ నౌకాదళ అధికారి అభిలాష్ టోమీది. లెహ్తినెన్ ఆ సూటును ఏ పెట్టె అడుగునో సర్దుకుని ఉంటే, ఆ అయిదు నిమిషాలు పెట్టె ఖాళీ చేయడానికే సరిపోయేవి.

ఇలాంటివి వార్తలకెక్కుతాయి. వార్తలకెక్కకుండా మునిగే పడవలు రేవుల్లోనే ఉంటాయి. నడిసముద్రంలో కంటే, కట్టేసి వదిలి ఇంటికెళ్లిన పడవలే ఎక్కువగా మునుగుతాయని బీమా వ్యవహారాలు చూసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. నడిచే పడవలో మనిషి ఉంటాడు, చుక్క పడినా చూస్తాడు. కట్టేసిన పడవలో ఎవరుంటారు? క్లిప్పు తుప్పు పట్టి ఒక రాత్రి తెగుతుంది. లేదా రావి ఆకు ఒకటి ఎగిరొచ్చి, కూర్చునే చోట వాననీరు పోయే కంతకు అడ్డం పడుతుంది. వారం రోజులు ముసురు పడితే ఆ తొట్టి నిండి, గడప దాటి లోపలికి పొర్లుతుంది. పంపు తోడుతుంది, తోడుతుంది, మూడో రోజుకు బ్యాటరీ అయిపోతుంది. యజమాని వచ్చేసరికి తెరచాప కొయ్య ఒక్కటే నీళ్ల మీద నిలబడి ఉంటుంది. కట్టిన తాళ్లు మాత్రం చెక్కుచెదరవు.

కాబట్టి పడవ దిగే ముందు వాననీరు పోయే కంతల్లో చెయ్యి పెట్టి చూడాలి, ఒక చెంబుడు నీళ్లు పోసి దిగుతున్నాయో లేదో చూస్తే ఇంకా మంచిది. బిల్జ్ తుడిచి పొడిగా వదలాలి. వాననీటి కంతలకున్నవి తప్ప అడుగు కుళాయిలన్నీ మూయాలి. ఇంజను నీటి కుళాయి మూసేసి వెళ్తే, మళ్లీ వచ్చినవాడు మరిచిపోయి ఇంజను ఆన్ చేస్తాడు, నీరు అందక అది మాడుతుంది. ఆ భయంతోనే చాలామంది దాన్ని తెరిచి వదిలేసి పోతారు. ఇంజను తాళంచెవిని ఆ కుళాయి పిడికే తగిలించి రండి. కుళాయి దగ్గరికి పోకుండా ఎవరి చేతికీ తాళం దొరకదు.